స్టోరమ్మ దాచిన పనిముట్లు

ఆమె అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనబడేది కాదు. ఆ చేతిపనుల శిక్షణ బడిలో ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి గేటు కాపలా మనిషి దాకా అందరికీ ఆమె స్టోరమ్మే.

ఆ ఉద్యోగం ఆమె కోరి తెచ్చుకున్నది కాదు. అదే బడిలో వడ్రంగం నేర్పే మేష్టారు ఆమె భర్త. ఒక మధ్యాహ్నం పిల్లలకు రంపం పళ్లు పదును పెట్టడం చూపిస్తూ చూపిస్తూ బల్ల మీదికి ఒరిగిపోయాడు. మళ్లీ లేవలేదు. సంపాదించే మనిషి పోయాడని జాలిపడి పెద్దలు ఆమెకు స్టోరు చూసుకునే పని ఇప్పించారు. అప్పటికి ఆమెకు ముప్పై ఆరేళ్లు. భర్త చేతిలో ఆ పనిముట్లు చూడటమే తప్ప తాను ముట్టుకున్నది లేదు. ఉలికీ బాడిసకీ తేడా చెప్పమంటే తెల్లమొహం వేసేది.

మొదటిరోజు అటెండరు తాళం తీశాడు. వడ్రంగం షెడ్డుకు వెనక పొడుగాటి గది. ఒక్కటే కిటికీ, దాని అద్దం సగం పగిలి అట్టముక్క అడ్డం పెట్టి ఉంది. నేలమీద సిమెంటు సంచులు పరిచి వాటిమీద రంపాలు, ఉలులు, చెక్క నునుపు చేసే చిత్రికలు, సుత్తులు, ఇనుము అరగదీసే ఆకురాళ్లు అన్నీ ఒకదానిమీద ఒకటి, పెళ్లి భోజనాలయ్యాక గిన్నెలు గుట్టపోసినట్టు పడి ఉన్నాయి.

"ఇదేనమ్మా మీ సామ్రాజ్యం" అన్నాడు అటెండరు. "చూసి అడుగెయ్యండి, కాళ్లు తెగుతాయి."

పాత రిజిస్టరు తీసి మూడు రోజులు లెక్కపెట్టింది. రాసి ఉన్నవి నాలుగువందల పన్నెండు. గదిలో ఉన్నవి రెండువందల ముప్పై ఎనిమిది. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లింది.

"పాతాయన రిటైరై వెళ్లిపోయాడు కదమ్మా. అన్నీ అందినట్టు సంతకం పెట్టేసెయ్. ఆయనా అలాగే పెట్టాడు, ఆయన ముందాయనా అలాగే పెట్టాడు."

"ఉన్నవాటికి పెడతాను సార్. లేనివాటికి ఎలా పెట్టను? రేపు ఎవరైనా అడిగితే నేనే మింగేశానంటారు."

"ఇనపముక్కలు ఎవరు మింగుతారమ్మా!" అని ఆయన గట్టిగా నవ్వాడు. ఆమె నవ్వలేదు. నిలబడ్డ చోటే నిలబడింది. చివరికి ఆయనే విసిగి, "అయితే వెతుక్కో పో" అన్నాడు.

ఆయన వదిలించుకోవడానికి అన్న మాట అది. ఆమె దాన్ని ఉత్తరువులా పట్టుకుంది.

బడి అంతా జల్లెడ పట్టింది. తోటమాలి రెండు బాడిసలతో మొక్కల వేళ్లు నరుకుతున్నాడు. రంగుల విభాగంలో డబ్బాల మూతలు లేపేవన్నీ ఉలులే. ఆఫీసులో గుమాస్తా కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకున్న నున్నటి కొయ్యదిమ్మ నిజానికి చిత్రిక; దానిలోని కత్తి ఎప్పుడో ఊడిపోతే అది పెన్సిళ్లు చెక్కడానికి ఇంకో సొరుగులో ఉంది. క్యాంటీన్‌లో వెడల్పాటి ఉలి ఒకటి ఐసుదిమ్మలు పగలగొడుతోంది.

"అది ఉలా?" అంది క్యాంటీన్ ఆవిడ. "నేనిన్నాళ్లూ ఐసు కొట్టే మేకు అనుకున్నాను. మరి నేను దేంతో కొట్టుకోను?"

"రాయితో కొట్టుకో అక్కా. దీనికి నొప్పెడుతుంది."

ఆ మాట బడంతా తిరిగింది. కొన్నాళ్లపాటు ఆమె కనబడితే చాలు, ఎవరో ఒకరు చేతిలో ఏదుంటే అది వెనక్కి దాచుకుని "అయ్యో, నొప్పెట్టిందేమో!" అనేవారు. స్టోరమ్మ అన్న పేరు అప్పుడే స్థిరపడిపోయింది. బడిలో దొరకని వాటికోసం ఆదివారాలు పాత ఇనుము అమ్మే వీధికి వెళ్లేది. వంగి, గుట్టలు కెలికి, తుప్పు కింద ఉక్కు మంచిదో కాదో గోటితో మీటి వినడం నేర్చుకుంది. ఏడాదిన్నర తిరిగేసరికి నాలుగువందల పన్నెండూ నిండాయి. అప్పుడు సంతకం పెట్టింది.

దొరకడం ఒక ఎత్తు, నిలబెట్టడం ఇంకో ఎత్తు. ఆ విద్య ఆమెకు నేర్పింది బడి వీధి మలుపులో కత్తులకూ కత్తెరలకూ సాన పట్టే ముసలాయన. ఒకప్పుడు ఆయనా వడ్రంగే. చూపు మందగించాక చక్రం ముందు కూర్చున్నాడు. మాటను నమిలి నమిలి, నిదానంగా మాట్లాడే మనిషి.

"చిత్రికను బోర్లా పడుకోబెట్టకమ్మా, పక్కకి తిప్పి పెట్టు. ఆకురాళ్లు ఒకదానికొకటి తగలకూడదు, పళ్లు పోతాయి. ఆ తాడు మెలేసి బిగించే రంపం ఉంది చూశావూ, పనయ్యాక తాడు వదులు చెయ్యాలి. లేకపోతే చట్రం వంకరపోతుంది. మనిషైనా అంతే కదా, ఇరవైనాలుగు గంటలూ బిగపట్టుకుని ఉంటాడా?"

"తుప్పు రాకుండా ఏం చెయ్యాలి తాతా?"

"ఏం చేసినా వస్తుంది. రోజూ తుడిస్తే కాస్త ఆలస్యంగా వస్తుంది."

ఆమె పాత బెంచీల చెక్క అడిగి తెచ్చి, వడ్రంగం పిల్లలచేత గోడపొడవునా అరలు చేయించింది. ఉలులకు పలకలో గాడులు కోయించి, ఒక అంచుకు ఇంకో అంచు తగలకుండా నిలబెట్టింది. వారానికోసారి ఇనుముకు సన్ననూనె గుడ్డ, నెలకోసారి పిడులకు అవిసెనూనె. గదిలో తేమ పీల్చుకోడానికి తరగతి గదుల్లో మిగిలిన సుద్దముక్కలు ఏరి తెచ్చి అరల మూలల్లో పోసేది. మూడో ఏడు తిరిగేసరికి కళ్లు మూసుకుని చెయ్యి చాపినా ఏ అరలో ఏముందో వేళ్లకు తెలిసేది. ఆ నాలుగైదేళ్లే బహుశా ఆమె జీవితంలో మంచి రోజులు. అవి మంచి రోజులని అప్పుడామెకు తెలియదు.

ఇంట్లో ఆమెకు తోడు ఆడపడుచు. భర్తకు అక్క. కుట్టుమిషను మీద బతుకు వెళ్లదీసుకుంటూ ఒక్కగానొక్క కొడుకును పెంచింది. నోరు కత్తెరకన్నా పదును. మరదలు బడినుంచి వచ్చి చేతులు కడుక్కుంటుంటే రోజూ ఒకటే మాట.

"ఎన్నిసార్లు కడిగినా ఆ నూనెవాసన పోదే అమ్మాయ్. మా నాన్న ఇంటికొస్తే ఇదే వాసన. ఇంతకీ మా నాన్నవి బాగున్నాయా?"

మా నాన్నవి అంటే ఏడు ఉలులు, ఒక పెద్ద చిత్రిక. మామగారు ఊరూరా తిరిగి ద్వారబంధాలు చెక్కిన మనిషి. ఆయన పోయాక అవి కొడుక్కి వచ్చాయి. బడి ఇచ్చిన ఉలులు మెత్తటి ఇనుమని, పిల్లలకు మంచి ఉక్కు ఎలా కోస్తుందో చేత్తో తెలియాలని, మేష్టారు వాటిని బడికి పట్టుకెళ్లాడు. అక్కడే ఉండిపోయాయి.

"బాగున్నాయి వదినా. అన్నింటికన్నా పై అరలో పెట్టాను."

"ఇంటికి తెచ్చెయ్యరాదూ? మా నాన్న ఇంటినుంచి నాకు చెంబు కూడా రాలేదు. తమ్ముడున్నాడు కదా అని ఊరుకున్నాను."

"ఇక్కడ ఎక్కడ పెడతాం వదినా? వంటింటి ఆవిరికి వారంలో తుప్పు పడతాయి. అక్కడే భద్రం."

భద్రం అని ఊరికే అనలేదు. ఆ ఏడాది ఎవరో విద్యార్థి రెండు ఉలులు చంకలో పెట్టుకుపోతే, రిజిస్టరు చూపించి వెనక్కి రాబట్టింది. రిజిస్టరులో లేని వస్తువు పోతే అడిగే దిక్కుండదని ఆమెకు భయం పట్టుకుంది. ఒకరోజు కూర్చుని, మామగారి ఏడు ఉలులనూ చిత్రికనూ రిజిస్టరులో చివర ఎక్కించేసింది. నాలుగువందల పదమూడు నుంచి నాలుగువందల ఇరవై. గుండ్రటి చేతిరాతతో, ఒక్క కొట్టివేత లేకుండా. ఆ రోజు హాయిగా నిద్రపోయింది.

తరవాత వడ్రంగానికి వచ్చే పిల్లలు తగ్గారు. ఇరవై ఇద్దరుండే తరగతి పదకొండయింది, నలుగురయ్యారు. ఆ నలుగురిలో ఇద్దరు వేరే దాంట్లో సీటు దొరక్క వచ్చినవాళ్లు. చేరిన ఏడే అందులో ఒకడు స్టోరు కిటికీ దగ్గర నిలబడి, "ఇవన్నీ ఎందుకు మేడమ్, మిషనుంటే నిమిషం పని కదా" అన్నాడు. కుర్రాడు వెటకారానికి అనలేదు, నిజంగానే అడిగాడు. ఆమె జవాబు వెతుక్కుంది. "మిషను లేనప్పుడు..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. మిషను ఎక్కడ లేదు?

ఆ పై ఏడు విభాగం మూసేశారు. షెడ్డు కంప్యూటర్ల గది అయింది, స్టోరు దానికి కరెంటు సామాన్ల గది అయింది. ఆమెకు కొత్త స్టోరు ఇచ్చారు: తీగలు, కాగితం కట్టలు, సిరా డబ్బాలు. పనిముట్లను కింద, మెట్ల కింది గదిలో పెట్టుకోమన్నారు. పక్కనే నీళ్ల మోటారు. గోడకు అరచెయ్యి ఆనిస్తే తడి అంటుకునేది.

"ఇక్కడ ఉండవు సార్ ఇవి."

"మరి ఎక్కడుంటాయమ్మా? చోటు చూపించు, పెట్టిద్దాం."

చోటు ఆమె దగ్గర మాత్రం ఎక్కడుంది? అటెండరూ ఆమే రెండు రోజులు మోశారు. ఇటుకలు పేర్చి, వాటిమీద అరలు నిలబెట్టింది. సుద్దముక్కలు రెండింతలు పోసింది. అవి మూడు రోజుల్లో మెత్తబడి వేళ్లకు అంటుకునేవి. తన కొత్త పని ముగించుకుని సాయంత్రం గంటసేపు కిందికి దిగి తుడిచేది. ఈ చివర తుడుచుకుంటూ ఆ చివరకు వెళ్లేలోపు ఈ చివర ఆవగింజలంత ఎర్రచుక్కలు వచ్చేవి. ముసలాయన్ని అడుగుదామంటే మలుపులో చక్రం లేదు. ఆ చోట ఫోను రీచార్జి గొడుగు వెలిసింది. ఎప్పుడు పోయాడో కూడా ఎవరూ చెప్పలేదు.

ఇక తన వల్ల కాదని తెలిశాక, పట్టుకునేవాళ్ల కోసం వెతకడం మొదలుపెట్టింది. కాళ్లరిగేలా తిరిగింది. పురావస్తువుల ప్రదర్శనశాలకు మూడు ఉత్తరాలు రాస్తే, మూడోదానికి జవాబు వచ్చింది: వందేళ్లు దాటినట్టు రుజువుంటే పంపండి అని. చివరికి భర్త దగ్గర చదువుకున్నవాడి దగ్గరికి వెళ్లింది. మేష్టారు వాణ్ని బక్కోడు అని పిలిచేవాడు. ఇప్పుడు వాడికి ఊరిచివర పెద్ద కర్రసామాన్ల కార్ఖానా ఉంది, మనిషి కూడా ఆ పేరుకు సరిపోకుండా ఒళ్లు చేశాడు. ఆమెను చూడగానే కుర్చీలోంచి లేచాడు, టీ తెప్పించాడు. గుడ్డలో చుట్టి తెచ్చిన ఉలి విప్పి బల్లమీద పెట్టింది. వాడు దాన్ని తీసుకుని బొటనవేలితో అంచు మెల్లగా తాకాడు.

"ఇది మేష్టారు నాకు మొదటిరోజు ఇచ్చింది. నా వేలు తెగితే, 'శుభం, ఇవాళ్టితో చేరావు' అన్నారు."

"తీసుకో నాయనా. అన్నీ తీసుకో. ఊరికే ఇప్పించేలా నేను ప్రిన్సిపాల్‌తో మాట్లాడతాను."

వాడు కిటికీ వైపు చూపించాడు. అవతల హాల్లో ఎనిమిది మిషన్లు రొద పెడుతున్నాయి. చెవులకు తొడుగులు పెట్టుకున్న మనుషులు పలకలు ఒకవైపు తోస్తుంటే, రెండో వైపునుంచి తలుపులై వస్తున్నాయి.

"వీళ్లలో ఒక్కడికి కూడా ఇది పట్టుకోవడం రాదమ్మా. నాకొచ్చు. కానీ నేను పట్టుకుంటే సాయంత్రానికి ఈ కార్ఖానా మూతపడుతుంది. తీసుకుంటాననుకోండి, ఎక్కడో మూల పడేస్తాను. మీ దగ్గరుంటే మీరు తుడుస్తున్నారు. నా దగ్గర అది కూడా ఉండదు. మీకు అబద్ధం చెప్పలేను."

గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. ఉలిని తన చేత్తోనే గుడ్డలో చుట్టి ఇచ్చాడు. వాడి మీద కోపం తెచ్చుకుందామని దారంతా ప్రయత్నించింది. రాలేదు.

వాడే పంపాడో ఏమో, నెల తరవాత ఒక అలంకరణ పనివాడు వచ్చాడు. హోటలు గోడకు పాత పనిముట్లు కావాలట. రంపాలు, ఉలులు అన్నిటికీ నల్లరంగు కొట్టి, మేకులతో గోడకు బిగించి, మీద దీపాలు పెడతాడట.

"పిడి మధ్యలో రంధ్రం చేస్తారా?" అని అడిగింది.

"చెయ్యకపోతే ఎలా నిలబడతాయండీ?"

"వద్దులెండి."

ఆ ఒక్క మాట తరవాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో! గోడమీదైనా ఉండేవి కదా, తినేవాళ్లెవరైనా తలెత్తి చూసేవారు కదా అనుకుని నాలిక కరుచుకునేది. ఆ హోటలు ఎక్కడో కనుక్కుని వెళ్లింది కూడా. గోడనిండా అద్దాలు పెట్టేసి ఉన్నాయి.

ఉద్యోగం ఇంకా రెండేళ్లుందనగా కొత్త ప్రిన్సిపాల్ వచ్చింది. నెమ్మదస్తురాలు, ఎవరినీ పల్లెత్తు మాట అనదు. వానలకు మెట్ల కింది గదిలో మడమల లోతు నీళ్లు నిలిస్తే, స్వయంగా దిగి చూసింది. చిత్రికల అడుగులు ఉబ్బి పగిలాయి. ఆకురాళ్లు ఎర్రటి ముద్దలయ్యాయి. గట్టి నూనెకాగితంలో చుట్టి పై అరలో పెట్టిన కొన్ని మాత్రం బాగున్నాయి. అన్నిటినీ కలిపి పనికిరాని సామానుగా రాసి పాత ఇనుముకు ఇచ్చెయ్యాలని కమిటీ తేల్చింది. ఆ జాబితా రాయాల్సింది స్టోరమ్మే.

ఆమె ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది.

"మేడమ్, రిజిస్టరులో చివరి ఎనిమిదీ బడివి కావు. మా మామగారివి. అవి వదిలెయ్యండి. పిడుల మీద ఆయన పెట్టుకున్న మూడు గాట్లుంటాయి, చూడండి."

ప్రిన్సిపాల్ ఒక ఉలి తిప్పి చూసింది. గాట్లున్నాయి. రిజిస్టరు తెరిచింది.

"ఇది మీ చేతిరాతే కదండీ?"

"నాదే. పోతాయని రాశాను. కాపాడదామని."

"మీ మాట నేను నమ్ముతాను. కానీ ఒకసారి రాసింది బడి ఆస్తి. రాసిన మనిషికే తిరిగి ఇస్తే రేపు నన్నేమంటారు, మిమ్మల్నేమంటారు? ఈ రెండేళ్లూ సవ్యంగా గడిచి పింఛను చేతికి రావద్దూ?"

అందులో తప్పు పట్టడానికి ఆమెకేమీ దొరకలేదు. ఇరవై ఏళ్ల కిందట లేనిదానికి సంతకం పెట్టనని మొండికేసింది తనే. గదిలోంచి బయటకొచ్చి, బల్ల దగ్గర కూర్చుని, నాలుగువందల ఇరవై వస్తువులకు ఎదురుగా పనికిరాదు, పనికిరాదు అని రాసింది. మధ్యాహ్నానికి చెయ్యి లాగింది. కలం మార్చి మళ్లీ రాసింది.

ఇనుము కొనేవాడు మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇనుము మాత్రమే తూకానికి పనికొస్తుంది గనక, అక్కడే పెరట్లో పిడులు ఊడగొట్టడం మొదలుపెట్టారు. ఉలిని రాతికి ఆనించి వెనకనుంచి ఒక్క దెబ్బ. పిడి ఒకవైపు, ఉక్కు ఒకవైపు.

"మీరు లోపలికెళ్లండమ్మా" అన్నాడు ఇనుమువాడు. "ఎండగా ఉంది."

ఆమె వెళ్లలేదు. అటెండరు వచ్చి పక్కన నిలబడ్డాడు. సాయంత్రానికి కొయ్యంతా గుట్టగా మిగిలింది. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆమె ఆ గుట్టలో చేతులు పెట్టి వెతికి, మామగారి చిత్రిక కొయ్యదిమ్మను తీసుకుంది. లోపల కత్తి లేదు. ఉలుల పిడుల్లో గాట్లున్నవి నాలుగే దొరికాయి.

ఇంటికి తెచ్చి కుట్టుమిషను పక్కన పెట్టింది. ఆడపడుచు కుట్టు ఆపింది. దిమ్మను ఒళ్లోకి తీసుకుని, కత్తి ఉండాల్సిన సందులో వేలు పెట్టి చూసింది.

"ఉలులేవే?"

"తీసుకెళ్లిపోయారు వదినా."

"ఇంటికి తెమ్మంటే తెచ్చావు కాదు."

"తుప్పు పడతాయనుకున్నాను."

"తుప్పు పడితే పడేవి" అంది ఆడపడుచు. గొంతు పెంచలేదు. "తుప్పు పట్టిన ఉలైనా మా నాన్న ఉలే కదే."

వదిన కోపమొస్తే నాలుగు తిట్టి ఊరుకునే మనిషి. తిడుతుందని స్టోరమ్మ నిలబడి చూసింది, తిట్టలేదు. దారం మళ్లీ సూదిలోకి ఎక్కించుకుని కుట్టుకోసాగింది. ఆ మరుసటి నెల కొడుకు వేరే ఊళ్లో ఇల్లు తీసుకున్నాడని వెళ్లిపోయింది. మిషను, బట్టల పెట్టె బండికెక్కాయి. దిమ్మ, పిడులు కిటికీ గూట్లోనే ఉండిపోయాయి. మరిచిపోయిందో వద్దనుకుందో అడగడానికి స్టోరమ్మకు నోరు రాలేదు. బండి కదిలేముందు వదిన, "వేళకి తిను" అని మాత్రం అంది.

ఆ తరవాత ఫోను చేస్తే ఆరోగ్యాలు, వానలు, మనవడి చదువు. అంతకుమించి మాట సాగేది కాదు. కొన్నాళ్లు స్టోరమ్మ అలవాటు కొద్దీ దిమ్మకు నెలకోసారి నూనె రాసింది. ఎండాకాలంలో అది నిలువునా చీలింది. ఇక రాయడం మానేసింది.

మెట్ల కింది గదికి ఇప్పుడు తాళం కూడా లేదు. నీళ్లు నిలుస్తాయని అందులో ఎవరూ ఏమీ పెట్టరు. ఆమె పైన సిరా డబ్బాలు ఇచ్చుకుంటూ, సంతకాలు తీసుకుంటూ ఉద్యోగంలో మిగిలిన రోజులు గడిపింది. ఆ పని తప్పులేకుండా చేసింది. తుడవాల్సింది ఏమీ లేదు గనక, సాయంత్రం అయిదు కొట్టగానే అందరితోపాటు బయటికొచ్చి బస్సు కోసం నిలబడేది.